పిట్ట ముట్టలేదని భైంసా వెళ్లాను

సిరిసిల్ల బస్టాండులో కరీంనగర్ బస్సు ఆరున్నరకు అన్నారు. శనివారం నాడు అది ఆరూ యాభైకి కదిలింది. ముప్పావు వంతు ఆడవాళ్లే. వాళ్లకు టికెట్ లేదు, సీట్లు ఉన్నాయి. మాకు టికెట్ ఉంది, సీట్లు లేవు. కమ్మీ పట్టుకుని వేములవాడ దాకా నిలబడ్డాను. అక్కడ ఒకామె దిగుతూ, "కూసో పెద్దయ్యా, దగ్గుతున్నవు" అంటే కూర్చున్నాను. పెద్దయ్యా అనిపించుకోవడానికి నాకింకా యాభై ఎనిమిదే.

ఎందుకు బయలుదేరానో ముందే చెప్పేస్తాను. నా భార్య సులోచన చనిపోయి ఏడు నెలలైంది. మూడో రోజున పిట్టకు పెట్టాం. మా దిక్కు అందరికీ తెలిసిన పద్ధతే. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు. సులోచనకు జొన్నరొట్టె, పుంటికూర, బెల్లం చాయ పెట్టాం. మూడు గంటలు చూశాం. కాకులు వచ్చాయి, వేపకొమ్మ మీద కూర్చున్నాయి, విస్తరి దిక్కు చూశాయి, దిగలేదు.

"బిడ్డను మంచిగ సూసుకుంట అని చెప్పు" అన్నాడు మా పెద్దనాన్న కొడుకు. చెప్పాను. "నీ చెల్లెలి బిడ్డ పెండ్లి నేనే చేస్త అని చెప్పు." చెప్పాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉందని నాకు తెలుసు. అంతమంది ముందు నోరు రాలేదు. చివరికి విస్తరి ఎత్తి ఆవుకు పెట్టారు.

ఆ చెప్పనిది ఇదీ. సులోచన కడుపులో ఉన్నది ఏ గడ్డో మేము ఆమెకు చెప్పలేదు. డాక్టరు గదిలోకి నేను వెళ్లలేదు కూడా. నా బిడ్డ రజితను పంపి, బయట క్యాంటీన్‌లో చాయ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అది బయటికొచ్చి నా మొహం చూసింది, నాకు అర్థమైంది. ఇద్దరం అక్కడికక్కడే అనుకున్నాం, అవ్వకు, అంటే దాని తల్లికి, చెప్పొద్దని. "చిన్న గడ్డ, మందులకు కరుగుతది" అన్నాం. హైదరాబాదు ఆసుపత్రి ఫైలు మీద రోగం పేరు కనబడకుండా క్యాలెండర్ కాగితం అంటించాను. మాత్రల పట్టీల మీది అక్షరాలు బ్లేడుతో గీకాను. పద్నాలుగు నెలలు అలా నడిపాం. ఏమీ తెలియకుండానే పోయింది, చెప్పుకోవాల్సినవి చెప్పుకోకుండానే పోయింది, అందుకే పిట్ట ముట్టలేదు అనే మాట నన్ను పట్టుకుంది. అన్నం ముందు కూర్చుంటే అదే.

సులోచన పుట్టిల్లు భైంసా. అక్కడ ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు శాంతాబాయి ఉంది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరైంది. వాళ్లు బౌద్ధులు. చివరి ఏడాది ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు. సులోచనకు తెలుసా తెలియదా, ఏమైనా అడిగిందా, చెప్పగలిగితే శాంతాబాయే చెప్పాలి. ఫోన్ చేస్తే, "ఫోన్ల చెప్పేటిది కాదు భావూ, రా" అంది. మరాఠీలో భావూ అంటే అన్న. "ఉత్తగ రాకు. మీ దగ్గర ధూళికట్ట ఉన్నది గదా, బుద్ధుని స్తూపం. అది చూసి రా. గింత దగ్గరుండి చూడలేదంటె నవ్వుతరు."

ఏడూ యాభైకి కరీంనగర్‌లో దిగాను. బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీలు తిని, ఎనిమిదిన్నరకు స్కాన్ తీసే సెంటరుకు నడిచాను. ఇది కూడా దాచకుండా చెప్పాలి. మూడు నెలలుగా దగ్గు. ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య, మా మాటలో సాంచాల మధ్య, బతికినవాడికి దగ్గు కొత్త కాదు గానీ ఇది ఆ దగ్గు కాదు. బుధవారం వచ్చి ఛాతీ స్కాన్ తీయించుకున్నాను, రజితకు చెప్పలేదు. కౌంటరు దగ్గరి అమ్మాయి, "డాక్టర్ సారు సోమవారం వస్తడు. రిపోర్టు కావాల్నంటె తీస్కపోండ్రి" అని తెల్లటి కవరు చేతిలో పెట్టింది. అంచు అంటించి ఉంది. సంచిలో, తువ్వాల మడతల మధ్య పెట్టాను.

తొమ్మిదింటి బస్సులో సుల్తానాబాద్. అక్కడినుంచి ధూళికట్టకు ఆటో మాట్లాడుకోవడం మేలు. పోయి రావడానికి మూడు వందలు అడిగాడు, అరగంట ఆగుతానన్నాడు. డ్రైవరు పేరు మల్లేశం.

"భూమి కొంటున్నరా సార్?"

"లేదు. బుద్ధుని చూడ్డానికి."

"గక్కడ బుద్ధుడు లేడు సార్. పాములున్నయి."

వెళ్లి చూస్తే నిజమే. పత్తి ఏరేసిన చేన్ల మధ్య దిబ్బ, చుట్టూ కంచె, లోపల గుండ్రంగా సున్నపురాయి పలకలు. వాటి మీద పడగలు విప్పిన పాములు, తామరపూలు. ఆ కాలంలో బుద్ధుడి బొమ్మ చెక్కేవాళ్లు కాదట. ఆయన ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి, ఆయనను కాచిన పామును చెక్కారు. కొన్ని పలకల మీద బొమ్మ సగం అరిగింది. కొన్ని ఖాళీ రాళ్లయ్యాయి. పక్క చేనులో పత్తికట్టె పీకుతున్న ఆమె నన్ను చూసి, "ఏం పోయింది పెద్దయ్యా, దేవులాడుతున్నవు?" అంది. రెండోసారి పెద్దయ్యా.

నా పని వైపని. సాంచ మీద భీము, అంటే పడుగు నూలు చుట్టిన కడ్డీ, అయిపోతే, పాత పోగుల కొసలకు కొత్త భీము పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు. అతికినవాడి పేరు చీర మీద ఎక్కడా ఉండదు. చీర కూడా ఎంత కాలం ఉంటుందిలెండి, మా సాంచాల చీరల రంగు సంగతి రెండో ఉతుకుకే తెలుస్తుంది. ఈ రాళ్లు రెండు వేల ఏళ్లు నిలుస్తాయనుకుని చెక్కి ఉంటారు. చెక్కినవాడికీ ఇంట్లో మనిషి ఉండి ఉంటుంది, ఆమె ముందో అతను ముందో పోయి ఉంటారు. ఎవరు ఎవరికి ఏం చెప్పకుండా పోయారో ఎవరికి తెలుసు. ఇలా అనుకుంటే మనసుకు నెమ్మది కలుగుతుందని చాలామంది అంటారు. నాకు కలగలేదు. రాయి చల్లగా ఉంది, అంతే.

ఒంటిగంటకల్లా మళ్లీ కరీంనగర్. భోజనం వంద రూపాయలు, పప్పు బాగుంది. ఒకటీ నలభైకి మెట్‌పల్లి బస్సు. జగిత్యాల దాటాక కోరుట్ల వచ్చింది. రజితను ఇచ్చింది ఇక్కడే. దాని ఇల్లు బస్టాండుకు పది నిమిషాలు. కిటికీలోంచి తల లోపలికి తీసుకుని కూర్చున్నాను. కవరు నా సంచిలో ఉండగా దాని మొహం చూడలేననిపించింది.

మెట్‌పల్లిలో నాలుగున్నరకు ఖానాపూర్ బస్సు దొరికింది. పక్క సీట్లో తెల్ల అంగీ వేసుకున్న ముసలాయన, ఖానాపూర్ దగ్గర రైతు. పసుపు ఉడకబెట్టే రోజులు కావడంతో చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. బాదన్‌కుర్తి దగ్గర బస్సు గోదావరి వంతెన ఎక్కగానే, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"గీడ నది రెండు పాయలైతది, నడుమ లంక. వెనుకట గీ లంకల ఒక ముసలి గురువు ఉంటుండెనట. నీ తల పగులుతది అని ఒకడు శాపం పెట్టిండట. చావు భయం పట్టుకున్నది. ఉత్తరాన బుద్ధుడు ఉన్నడంటె, అడిగి రాండ్రి అని శిష్యులను తోలిండట."

"ఆయన పోలేదా?"

"ముసలోడు, ఏం పోతడు? వాళ్లనే తోలిండు. వాళ్లు పోయి గాడనే ఉండిపోయిండ్రట, ఒక్కడే మల్లొచ్చిండని అంటరు. నిజమో అబద్ధమో, మా తాత చెప్పిండు."

కిందికి చూశాను. నీళ్లు సన్నగా ఉన్నాయి, ఇసుక మేటలు తేలాయి. భయం తనది, నడక వేరేవాళ్లది. క్యాంటీన్‌లో చల్లారిపోయిన చాయ గుర్తొచ్చింది, డాక్టరు గది తలుపు తోసుకుని ఒక్కతే లోపలికి వెళ్లిన రజిత వీపు గుర్తొచ్చింది. ముసలాయన ఇంకా ఏదో చెబుతున్నాడు, నేను వినలేదు.

ఖానాపూర్‌లో బస్సు మారి ఏడున్నరకు నిర్మల్ చేరాను. బస్టాండు ఎదుటి లాడ్జిలో గది ఐదు వందలు. వేడినీళ్లు ఉదయం మాత్రమే. పక్క మెస్సులో జొన్నరొట్టె, శనగపప్పు కూర బాగుంటాయి. తొమ్మిదిన్నరకే పడుకున్నాను.

ఆదివారం ఆరున్నర బస్సు. నిర్మల్ నుంచి భైంసా గంటంబావు. కండక్టరు తెలుగులో టికెట్ అడిగితే వెనక సీటువాళ్లు మరాఠీలో జవాబు చెప్పారు, మధ్యలో ఒకాయన హిందీలో చిల్లర అడిగాడు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. పత్తి లారీలు అడ్డం రావడంతో ఊరి బయట పావుగంట ఆగాం.

శాంతాబాయి బస్టాండుకే వచ్చింది. పొట్టి మనిషి, తెల్లచీర, నడక మాత్రం చురుకు. నన్ను పైనుంచి కిందికి చూసి, "సగమైనవు భావూ. వండుకుంటున్నవా లేదా?" అంది.

"వండుకుంటున్న శాంతక్కా."

"సులోచన నేర్పింది గదా పచ్చిపులుసు, రొట్టె. నేర్పిన అని చెప్పింది."

ఆగిపోయాను. నిజమే, చివరి నాలుగు నెలల్లో నాకు రొట్టె కొట్టడం నేర్పింది. "నా చేతులు గుంజుతున్నయి, జర నువ్వు కొట్టు" అనేది. గ్యాసు బుక్కు ఎక్కడుందో మూడుసార్లు చూపించింది. ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి, ఒక వారం "ఆకు తేవద్దు" అంది. మరుసటి వారం బీడీల చాట, కత్తెర పక్కింటావిడకు ఇచ్చేసింది. ఓపిక లేక అనుకున్నాను.

బండి మీద పోహా తిని, చాయ తాగాం. నేను అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ముందుగాల విహారంల వందనకు పోదాం. అడిగేది గాడ అడుగు."

విహారం అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, నీలిరంగు గోడలు, ఒక హాలు. ముందు తెల్లటి బుద్ధుడు, పక్కన అంబేడ్కర్ పటం. ముప్పై మంది దాకా ఉన్నారు, చాలామంది తెల్లబట్టల్లో. పెద్ద మనిషి ఒకాయన చదువుతుంటే మిగతావాళ్లు అన్నారు. నాకు భాష తెలియలేదు. మైనంబత్తులు వెలిగించారు, పూలు పెట్టారు. నా చేతిలో కూడా ఒక బంతిపువ్వు పెట్టి, శాంతాబాయి చెవిలో అంది: "గీ పువ్వు రేపటికి వాడుతది, నేను కూడ గట్లనే అని అనుకుంట పెట్టాలె. అడుగుడు ఏం లేదు. అనుకుంటె చాలు."

పెట్టాను. ఏమీ అడగకుండా పూలు పెట్టడం నాకు అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తొమ్మిదిన్నరకు అందరూ వెళ్లిపోయారు. శాంతాబాయి చీపురు, చాట తీసుకుని నిన్నటి పూలు ఊడవసాగింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇక ఆగలేక అడిగాను.

"శాంతక్కా, సులోచనకు తెలుసా? దాని రోగం?"

ఆమె ఊడవడం ఆపలేదు. "తెలుసు భావూ. మొదటి దినమే తెలుసు. ఆసుపత్రి బోర్డు చదవరాదా దానికి? నేను, అది ఏడో తరగతి దాక ఒక్క బెంచి. నువ్వు ఫైలుకు క్యాలెండరు కాగితం అంటిస్తివట గదా. చెప్పుకుంట నవ్వింది."

గోడకు ఆనిన వీపు తీసి నిటారుగా కూర్చున్నాను.

"ఒకసారి కోరుట్లకు రజిత దగ్గరికి పోతున్న అని చెప్పి రాత్రి రాలే, యాదికున్నదా? గప్పుడు గీడికొచ్చింది. ఒక్కతే, బస్సుల. టికెట్ లేదు గదా భయమెందుకు అన్నది. రజితకు తెలుసు. నీకు చెప్పొద్దని దాంతోని ఒట్టేయించుకున్నది."

"మరి నాకెందుకు చెప్పలే?" గొంతు పెద్దదైంది. ఖాళీ హాలులో ఆ గొంతు నాదిలా లేదు.

"నేను గూడ గదే అడిగిన. ఏమన్నదో చెప్పనా? 'ఆయనకు అబద్ధమాడుడు రాదు శాంతా. అయినా నాకోసం గంత కష్టపడి ఆడుతుండు. మాత్రల మీద అక్షరాలు గీకుకుంట కూసుంటడు. నాకు తెలుసని చెప్తె గా కష్టమంత వట్టిగ పోతది' అన్నది."

కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద, ఎదురుగా చీపురు పట్టుకున్న మనిషి మీద, ఒట్టేసి దాచిన బిడ్డ మీద, అందరికంటే ఎక్కువ బ్లేడు పట్టుకుని కూర్చున్న నా మీద. పద్నాలుగు నెలలు నేను ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె నన్ను కాపాడుతూ పోయింది. ఒకే ఇంట్లో, ఒకే చాపమీద, ఇద్దరం నాటకం ఆడుకున్నాం.

"భయపడ్డదా?" అన్నాను.

"పడదా మరి? నువ్వు కూసున్న గోడకే ఆనుకొని ఏడ్చింది. గంటసేపు. నేను ఆపలే. ఏడ్చి ఏడ్చి, నేను గిట్ల ఊడుస్తుంటె చూసి, 'నిన్నటి పువ్వులకు ఏడుస్తరా మీరు?' అని అడిగింది. ఏడ్వం, ఎత్తుతం అన్న. జరసేపటికి లేచి చాట పట్టింది. అన్ని తనే ఎత్తి, బయట చెట్టు మొదట్ల పోసింది. మీ దిక్కున్న స్తూపం చూడాలె అన్నది. కోరిక గాదు, ఉత్తగనే అన్నది. గందుకే నిన్ను చూసి రమ్మన్న."

తల దించుకుని ఏడ్చాను. గంటసేపు ఏడ్చిందట. నా ముందు ఏడవాల్సిన ఏడుపు అది. నా భుజం అక్కడ ఉండగా, టికెట్ లేని బస్సుల్లో ఇంత దూరం వచ్చి, ఈ గోడకు ఆనుకుని ఏడ్చింది. నా అబద్ధం దాని దగ్గరినుంచి తీసుకున్నది అదే. శాంతాబాయి నన్ను కూడా ఆపలేదు.

కొంతసేపటికి అడిగాను. "మరి పిట్ట ఎందుకు ముట్టలే అక్కా?"

"నాకేం తెలుసు భావూ? మా దాంట్ల పిట్టకు పెట్టరు. కడుపు నిండి ఉన్నదేమో."

ఏడు నెలలు నేను తినలేకపోయింది, కడుపు నిండిన కాకి వల్ల కావచ్చు. ఆ ఏడుపులోనే నవ్వు వచ్చింది. లేచి, చాట ఆమె చేతిలోంచి తీసుకుని పూలు బయట పోసి వచ్చాను. నేను పెట్టిన బంతిపువ్వు అందులో లేదు. అది రేపు వస్తుంది.

పదకొండున్నర బస్సుకు ఎక్కించింది. నాలుగు రొట్టెలు, వెల్లుల్లి కారం మూటగట్టి ఇచ్చింది. నిర్మల్‌లో బస్సు మారేటప్పుడు రజితకు ఫోన్ చేశాను. "నాలుగున్నరకు కోరుట్ల బస్టాండుకు రా బిడ్డా. భైంసా నుంచి వస్తున్న." "భైంసా నుంచా?" అంది. తర్వాత "వస్త బాపు" అంది.

వెళ్లదలచినవారికి చెప్పవలసింది ఇంతే. ఈ దారిలో చూడటానికి పెద్ద కట్టడాలేమీ లేవు. అరిగిన పాములు, సన్నబడిన నది, రేకుల హాలు. ప్రశాంతత దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, నాకు దొరకలేదు. అన్నీ పోయేవే అని తెలుసుకోవడం ఒకటి, పోతున్న మనిషి పక్కన కూర్చుని ఆ మాట ఒప్పుకోవడం మరొకటి. మొదటిది రాళ్లు కూడా చెబుతాయి. రెండోదానికి నేను ఆలస్యం చేశాను. వంతెన మీద బస్సు పోతుంటే ఈసారి లంక దిక్కు చూడలేదు, సంచిలో చెయ్యి పెట్టి కవరు ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

రజిత నాలుగింటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే కళ్లు నింపుకుని, "అవ్వ ఒట్టేయించుకున్నది బాపు" అంది.

"తెలుసు." పక్కన కూర్చున్నాను. కవరు తీసి మా ఇద్దరి మధ్య పెట్టాను. "నాది. స్కాన్ తీయించుకున్న. ఇంక చూడలే. మొదలు నేనే చూసి నీకు దాచిపెడుదామనుకున్న. వద్దు. కలిసి చూద్దాం."

అంచు నేనే చింపాను. ఇంగ్లీషు నాకు కూడబలుక్కుంటే వస్తుంది, దానికి బాగా వస్తుంది. ఇద్దరం ఒకే కాగితం పట్టుకుని చదివాం. ఆసుపత్రి ఫైలు మీద నేను కాగితం అంటించి దాచిన మాటే, రెండో పేరాలో ఉంది. దాని పక్కన అనుమానం అనే మాట కూడా ఉంది, కానీ ఇద్దరి కళ్లూ మొదటి మాట దగ్గరే ఆగాయి.

రజిత కాగితం మడిచింది. "ఏం కాదు బాపు, చిన్న గడ్డనే, మందులకు..." అని, అక్కడ ఆగింది.

"భయమైతుంది బిడ్డా" అన్నాను. ఆ పద్నాలుగు నెలల్లోనూ, ఆ తర్వాతా ఒక్కసారి కూడా ఎవరితోనూ అనని మాట.

అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. జనం చూశారు, చూసి పక్కకు తిరిగారు. వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు వచ్చింది, కండక్టరు మా దిక్కు రెండుసార్లు కేకేశాడు, వెళ్లిపోయింది. శాంతాబాయి ఇచ్చిన రొట్టెలు విప్పి ఇద్దరం తలా ఒకటి తిన్నాం. తర్వాతి బస్సు ఆరూ పదికి.